జీడిపప్పు బల్ల దగ్గర మా ఇంగ్లీషు

మా కోడలి చేతులు పాడైపోకుండా ఉండి ఉంటే నేను ఇంగ్లీషు పుస్తకం ముట్టుకునేదాన్నే కాదు. ఆ భాషతో నాకు పని లేదు. తెలుగు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి. అవైనా చదువు మీద మోజుతో నేర్చుకున్నవి కావు. పలాస కార్ఖానాలో ఏళ్ళ తరబడి జీడిపిక్కలు కోసి కోసి, పెంకులోంచి చిమ్మే నూనెకి నా బొటనవేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషను మిషను మీద వేలు పెడితే నేను నేను కాదంది. పొదుపు సంఘం పుస్తకంలో వేలిముద్ర వేస్తే నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. వేలిముద్రకైనా పనికిరాని వేలు కాబట్టి సంతకం నేర్చుకోక తప్పలేదు. సంతకంతో మొదలుపెట్టి, బస్సు బోర్డుల మీద మందస, కవిటి, ఇచ్ఛాపురం కూడబలుక్కునే దాకా వచ్చాను. అక్కడితో ఆగిపోదామనుకున్నాను.

మా ఊరు మందస దాటి సముద్రం వైపు. మా ఆయన కిడ్నీలు చెడి చనిపోయాడు. కొడుకు దూరాన పట్నంలో ఉండి ఆటో నడుపుతాడు. ఇంట్లో మిగిలింది నేను, కోడలు, దాని ఆరేళ్ళ కూతురు. కోడలూ నేనూ ఒకే కార్ఖానాలో పని చేసేవాళ్ళం. నేను హాల్లో, తాను షెడ్డులో. హాలంటే పప్పు ఏరే చోటు. పొడుగాటి బల్ల, ఫ్యాన్లు, కిటికీలు. విరగని గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఒక పక్కకి, మచ్చపడ్డది ఇంకో పక్కకి తీసి పెట్టాలి. కూర్చుని చేసే పని. షెడ్డంటే పిక్కలు కోసే చోటు. కాలితో తొక్కుతూ చేత్తో కోస్తుంటే పెంకు పగిలి నూనె చిమ్ముతుంది. చేతులకి ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా కొంతవరకే. నేను పదిహేనేళ్ళు ఆ షెడ్డులో ఉండి, ఎవరో కాలం చేస్తే ఖాళీ అయిన చోటులో హాల్లోకి వచ్చాను. హాల్లో చోటు అలాగే దొరుకుతుంది, ఇంకోలా దొరకదు.

కోడలి చేతులు నా చేతులంత మొండివి కావు. రెండేళ్ళకే అరచేతులు నల్లబడి, పగిలి, పగిలినచోట మళ్ళీ పగలడం మొదలైంది. కూతురికి జడ వెయ్యబోతే వెంట్రుకలు ఆ పగుళ్ళలో ఇరుక్కుని ఇద్దరూ ఏడ్చేవారు. పలాసలో డాక్టరు చూసి ఒకటే మాట అన్నాడు. షెడ్డు మానకపోతే ఈ చర్మం ఇంక మూసుకోదమ్మా అని. మానితే ఇల్లు గడవదు.

అలా ఉండగా మేనేజరు బాబు ఒకరోజు హాల్లోకి వచ్చి చెప్పాడు. పప్పు కొనడానికి వేరే రాష్ట్రాల వాళ్ళు వస్తున్నారు, వాళ్ళకి బల్ల చూపించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పగలిగే మనిషి కావాలి, పది పాసై ఉండాలి, ఆ మనిషే ఇకమీదట హాలుకి పెద్ద, నెల టైము అని. మొత్తం కార్ఖానాలో పది పాసైన ఆడవాళ్ళు ఇద్దరే. ఒకర్తి ప్యాకింగులో ఉన్న కాశీబుగ్గ పిల్ల. రెండోది మా కోడలు.

ఆ సాయంత్రమే పలాస బస్టాండులో ఇంగ్లీషు గ్రామరు పుస్తకం కొన్నాం. ప్రతి ఇంగ్లీషు మాట పక్కనా దాన్ని ఎలా పలకాలో తెలుగులో రాసి ఉంది. కోడలు పేజీ తిప్పబోతే వేళ్ళు కాగితానికి అంటుకుని చిరిగిపోతున్నాయి. అందుకని పుస్తకం నేను పట్టుకోవాలి, పేజీ నేను తిప్పాలి, తెలుగులో ఉన్న ప్రశ్న నేను అడగాలి, తాను జవాబు చెప్పాలి. అలా నేను మా కోడలికి ఇంగ్లీషు మేస్టర్నయ్యాను. నాకు ఒక్క ముక్క రాదు. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా నాకు తెలియదు. అయినా గట్టిగా అడిగేదాన్ని.

మొదటి పాఠం సర్వనామాలు. ఆ మాటే నేను అప్పుడు మొదటిసారి విన్నాను.

"మనిషి పేరు మాటిమాటికీ సెప్పకుండా దానికి బదులు వాడే మాట అత్తా," అంది కోడలు. "మగోళ్ళకి హీ. ఆడోళ్ళకి షీ. వస్తువులకీ జంతువులకీ ఇట్."

"మేకనేటంటారు?"

"ఇట్."

"నిన్నేటంటారు?"

"షీ."

"వేరేనా?"

"వేరే."

"మీ మావ నిన్నూ మేకనీ ఒకలాగే అనీవోడు కదే. అది వొచ్చిందా, అది తిన్నాదా అని. ఎవర్ని అడుగుతున్నాడో నాకెప్పుడూ తెలిసీది కాదు."

కోడలు నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మనం ఆడమనిషినీ మేకనీ ఒకే గాటన కట్టాం, ఇంగ్లీషు వాళ్ళు విడదీశారు. సరే, ఆ మాటకొస్తే వాళ్ళే మేలు అనుకున్నాను. అంతలోనే ఇంకో చిక్కు వచ్చింది.

"వాడు, అతను, ఆయన, వారు. వీటన్నిటికీ ఏటంటారు?"

"అన్నిటికీ హీ."

"కలెక్టరు?"

"హీ."

"మన కొబ్బరికాయలు ఎత్తుకుపోయినోడు?"

"వోడూ హీయే."

"కలెక్టరు వూరుకుంటాడేటే?"

ఆడవాళ్ళ దగ్గర అంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళు మగవాళ్ళ దగ్గర దొంగనీ దొరనీ కలిపేశారు. ఇందులో న్యాయం ఏమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు, తర్వాతా కాలేదు.

మర్నాడు అన్నాల వేళ నా పక్కన కూర్చునే ఆమెను అడిగాను. ఆమెది ఇచ్ఛాపురం అవతల, పుట్టింట్లో ఒడియా, అత్తింట్లో తెలుగు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను పిన్నీ అంటుంది.

"మీ వొడియాలో వాడికేటంటారే, ఆమెకేటంటారే?"

"సే."

"ఎవరికి?"

"ఇద్దరికీ, పిన్నీ. మేకక్కూడా సే అనే అంటాం."

"మరెలా తెలుస్తాది?"

"తెలీకపోడానికేటుంది? ఎదర ఉన్నది మొగుడో మేకో సూస్తే తెలీదేటి?"

బల్లంతా పక్కున నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, నా బుర్ర ఇంకా చెడింది. ఒకరు ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నారు, ఒకరు రెండు, ఒకరు మూడు. ఉన్న మనుషులు అందరికీ ఒకటే. అంటే ఈ లెక్కలు మనుషుల్లో లేవు, మాటల్లోనే ఉన్నాయన్నమాట. అరవై దాటాక ఈ సంగతి తెలిసి నేను చేసేదేమిటి?

పొద్దున్న పలాస వెళ్ళే ఆటోలో కూడా పాఠం నడిచేది. పుస్తకం నా ఒళ్ళో, కోడలు ఎదురు సీట్లో. ఆటోలో మాతోపాటు చేపలు అమ్ముకునే ఒకామె ఎక్కేది. ఆమె గంప మధ్యలో, మా కాళ్ళు దాని చుట్టూ.

"ఐ, మీ, మై, మైన్," అనేది కోడలు.

"ఏటే అది, తేలు మంత్రమా?" అంది చేపలామె.

"ఇంగ్లీసు. నాను, నన్ను, నా, నాది."

"అన్నీ నాదీ నాదీ అనడమేనా? ఇచ్చీ మాట నేదేటే అందులో?"

"ఉంది. యూ, యూ, యువర్, యువర్స్."

"నువ్వు సెప్పు మరి," అని నా వైపు తిరిగింది ఆమె. "పళ్ళు రాలిపోయాక ఇంగ్లీసు పట్టుకున్నావు. నా గంపలోవి ఎవరివే?"

"నీవి."

"ఇంగ్లీసులో!"

నేను చాలాసేపు ఆలోచించి "యూ" అన్నాను. కోడలు తల పట్టుకుంది. ఆటో మొత్తం నన్ను ఆ నెలంతా యూ అత్త అని పిలిచింది. నాకు కోపం రాలేదు. నాకు బాధ కలిగించింది వేరే సంగతి. ఆ నాలుగు మాటలూ వరసగా అయితే నోటికి వచ్చేవి, విడిగా అడిగితే ఏది ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. వరస తప్పితే తెలిసినదీ తెలియనిదైపోయేది.

తర్వాత మాటల రూపాలు వచ్చాయి. ఒక్క మాటే చేసేటప్పుడు ఒకలా, చేశాక ఒకలా, చేసి ఉన్నదైతే ఇంకోలా. మొదట ఇది నాకు బాగా ఎక్కింది. పప్పు ఒకటే, గుండైతే ఒక పేరు, రెండుగా చీలితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. అలాంటిదే కదా అనుకున్నాను. బ్రేక్, బ్రోక్, బ్రోకెన్. బ్రోకెన్ అనే మాట మా హాల్లో రోజూ వినేదే. పీల్, పీల్డ్, పీలింగ్. పై పొట్టు ఒకటి తీస్తే ఒక మాట, ఇంకొకటి తీస్తే ఇంకో మాట. ఒక పూటంతా నాకు ఇంగ్లీషు వచ్చేసినట్టే అనిపించింది.

అప్పుడు గో వచ్చింది.

"గో, వెంట్, గాన్," అంది కోడలు.

"మధ్యలోది మళ్ళీ సెప్పు."

"వెంట్."

"గోలోంచి వెంట్ ఎక్కణ్ణుంచి వొచ్చిందే? బస్తాలో జీడిపిక్కలు పోసి కొబ్బరికాయ తీసినట్టుంది."

"పుస్తకంలో అలాగే ఉందత్తా."

"పుస్తకం రాసినోణ్ణి అడగాలి."

"నీకు అర్థం కాపోయినా పర్లేదు. నాకు వొస్తే సాలు కదా."

నిజమే. అర్థం కావలసింది నాకు కాదు. ఆ మాట విన్నాక నోరు మూసుకుని పేజీ తిప్పాను.

తనకి వస్తోంది కూడా. నెల సగమయ్యేసరికి మాటలు కలిపి వాక్యాలు చెప్పసాగింది. ఒక్క దగ్గరే నాకు తగువు పడేది. పుస్తకంలో, మీరు ఏం పని చేస్తారు అని ప్రశ్న ఉంటే తాను "వుయ్ కట్ క్యాష్యూ" అనేది. నీ పేరేమిటో, ఇల్లెక్కడో తప్ప ఇంక దేనికీ ఐ అనేది కాదు.

"నీ పని అడిగితే మేమంటావేటే? నిన్నడిగింది."

"నానొక్కదాన్నే కొయ్యట్లేదు కదత్తా."

"పుస్తకంలో ఐ అని ఉందా లేదా?"

"ఉంది."

"మరి ఐ అను."

అనేది. మరుసటి ప్రశ్నకి మళ్ళీ వుయ్. నేను కేకలేసేదాన్ని గానీ, ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. మా కార్ఖానాలో ఆడవాళ్ళం నాది అని ఎప్పుడూ అనం. పప్పు విరిగితే విరిగిపోయింది అంటాం, విరిచాను అనం, విరిచింది అనం. మేనేజరు అడిగితే ఏ హాల్లోనైనా, ఏ షెడ్డులోనైనా జవాబు ఒకటే. మా బల్లది బాబూ, మళ్ళీ సేసి ఇచ్చేత్తాం. ఎవరూ నేర్పలేదు. చేరిన వారానికే నోటికి వచ్చేస్తుంది.

నెల ఇంకా పూర్తి కాలేదు. ఒకరోజు పొద్దున్న, మేం బల్ల దగ్గర కూర్చుని గంటైనా అయిందో లేదో, మేనేజరు బాబు కొత్త మనిషితో హాల్లోకి వచ్చాడు. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, తెలుగు రాదు. మామూలుగా పదకొండుకి గంట కొడితే అందరం ఏరిన పళ్ళేలు చివరి బల్ల మీద పెడతాం. ఆ రోజు గంట లేదు, చెప్పడం లేదు, మేనేజరు నేరుగా మా ముందునుంచే రెండు పళ్ళేలు లాగి తీసుకుపోయాడు. పళ్ళేలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి, అందులో ఒకటి నా దగ్గర్నుంచి తీశాడో, నా పక్కనుంచి తీశాడో నేను సరిగా చూసుకోలేదు. నా పక్కనున్న ఒడియా ఆమె "అయ్యో, బాబూ, ఇంకా అవనేదు," అని లేవబోయి, మళ్ళీ కూర్చుంది. ఇంత కంగారేమిటి దీనికి అనుకున్నాను.

షెడ్డులోంచి మా కోడల్ని, ప్యాకింగులోంచి కాశీబుగ్గ పిల్లని పిలిపించారు. ఇదే పరీక్ష అని అప్పుడు అర్థమైంది. కోడలు చేతులు కడుక్కుని, చీరకొంగులో దాచుకుని నిలబడింది.

ముందు కాశీబుగ్గ పిల్ల. ఆమె ముందు పెట్టిన పళ్ళెంలో నాలుగు బద్దలు గుండులో కలిసి ఉన్నాయి. ఎవరిది, ఎందుకిలా ఉందని మేనేజరు ఇంగ్లీషులోనే అడిగాడు. ఎవరి పళ్ళెం వాళ్ళం ఇంటినుంచి తెచ్చుకుంటాం, ఏది ఎవరిదో ప్యాకింగు వాళ్ళకీ తెలుసు. ఆ పిల్ల తడుముకోలేదు. వేలు చూపించి, షీ అంది, హర్ అంది, ఇంకా ఏదో అంది. తప్పు లేదని నాకే తెలిసింది, అంత శుభ్రంగా పలికింది. ఆ వేలు చూపించిన వైపు కూర్చున్న మనిషి తల దించుకుని పప్పు ఏరుతున్నట్టు నటించింది. చేతిలో పప్పు లేదు.

రెండో పళ్ళెం మా కోడలి ముందు పెట్టారు. దూరానివి నాకు బాగానే కనబడతాయి, కూర్చున్న చోటునుంచే కనబడుతోంది. గుండులో బద్దలు, బద్దల్లో ముక్కలు, మాడినవి, మచ్చవి, అన్నీ కలగలిపి ఉన్నాయి. ముందుకు వంగి మరీ చూశాను. ఏ గుడ్డిది ఏరిందిరా దీన్ని, మా బల్ల పరువు తీసింది అనుకున్నాను. అప్పుడు పళ్ళెం అంచు మీద సొట్ట కనబడింది. మా ఇంటి అల్యూమినియం పళ్ళెం. నేను పదేళ్ళుగా తెచ్చుకుంటున్నది.

నాకు నమ్మకం కుదరలేదు. ఎవరో తెచ్చి నా పళ్ళెంలో పోశారేమో అనుకున్నాను. నేను ఇలా ఏరను. రోజూ మేనేజరు నా పళ్ళెం చూసి మాట్లాడకుండా ముందుకు వెళ్ళిపోయేవాడు. అంటే బాగున్నట్టే కదా.

"హూజ్ ఈజ్ దిస్?" అన్నాడు మేనేజరు.

కోడలు పళ్ళెం చూసింది. దానికీ తెలుసు, రోజూ తోమి సంచిలో పెట్టేది తానే. నా వైపు చూడకుండా చెప్పింది.

"ఇట్ ఈజ్ అవర్స్, సార్. వుయ్ విల్ డూ ఇట్ అగైన్."

"అవర్సేటి? మనదంటావేటి? నన్నూ కలిపేత్తన్నావా?" అన్నాడు మేనేజరు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఏరింది ఎవరో చూపించు. షీ అని చూపించు చాలు."

"అవర్స్, సార్."

తెల్లచొక్కాయన మేనేజరుతో ఏదో గబగబా అన్నాడు. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో నాకు తెలియలేదు. ఆయన ముఖం రెండింటికీ సరిపోయేలా ఉంది.

"ఇలాగైతే కష్టం," అన్నాడు మేనేజరు తెలుగులో. "రేపు నిన్ను పెద్దగా కూసోబెడితే రోజూ ఇదే సెప్తావా? ఎవరిది తప్పో సెప్పలేనిదానివి ఏం పెద్దరికం చేస్తావు?"

కోడలి కొంగులోపల చేతులు కదులుతున్నాయి. ఒక్క మాట, నా వైపు ఒక్క వేలు, అంతే. షెడ్డు వదిలిపోతుంది. ఆ మాట తనకి వచ్చు, నేనే వందసార్లు అప్పజెప్పించుకున్నాను.

నేను లేచాను. ఇంగ్లీషులోనే చెబుదామనుకున్నాను, ఎందుకనుకున్నానో తెలియదు. ఐ, మీ, మై, మైన్ నాలుగూ ఒకేసారి గొంతులోకి వచ్చి ఏది ఏమిటో తెలియలేదు. "మీ, బాబూ," అన్నాను. "మై. మైన్ పళ్ళెం."

హాలంతా నవ్వింది. ఈసారి నేను తెలుగులో చెప్పాను.

"నాది బాబూ. నా సెయ్యే. నాకు కళ్ళు ఆనడం లేదు కాబోలు. ఈ పిల్ల నా కోడలు. అందుకే సెప్పనేదు."

మేనేజరు నవ్వడం మానేశాడు. "నీదా మామ్మా? నీది రోజూ బాగుంటాది కదా?"

నేను బల్ల వైపు చూశాను. ఒక్కరూ తలెత్తలేదు.

అన్నాల వేళ క్యారేజీ విప్పకుండా ఒడియా ఆమె ముందు కూర్చున్నాను.

"నిజం సెప్పు. ఎన్నాళ్ళనుంచి?"

"ఏటి పిన్నీ?"

"నా పళ్ళెం ఎవరు సవరిస్తన్నారే?"

ఆమె అన్నం కలుపుతూనే చెప్పింది. "నువ్వు నీళ్ళకి లేసినప్పుడు నానొక గుప్పెడు, ఇటుపక్కామె ఒక గుప్పెడు. రెండేళ్ళు దాటిపోనాది. ఇయ్యాల ఆ బాబు గంట కొట్టకుండా వొచ్చేసాడు, మాకు సందు దొరకనేదు."

"నాకు సెప్పొచ్చు కదే!"

"నాకంటే ముందర నా సోటులో కూకున్న ముసిల్దానికి నువ్వు సెప్పినావేటి?"

చెప్పలేదు. ఆమె చివరి మూడేళ్ళూ ఆమె పళ్ళెం నేనే సవరించాను. ఆమె చూడకుండా, ఆమె దగ్గుతున్నప్పుడు, మందు వేసుకుంటున్నప్పుడు. పుణ్యం చేస్తున్నాననుకున్నాను. నా పళ్ళెంలో కూడా ఎవరో చెయ్యి పెట్టే రోజు వస్తుందని, వచ్చి రెండేళ్ళయిందని నాకు ఒక్కసారీ తట్టలేదు. అంత నోరున్నదాన్ని, అందరి తప్పులూ ముఖం మీదే చెప్పేదాన్ని, నా తప్పు నాకు ఎవరూ చెప్పలేదేమిటి అని అనుమానమైనా రాలేదు. బాగా ఏరుతున్నాననుకుని, పక్కవాళ్ళకి సలహాలు కూడా ఇచ్చాను. వాళ్ళు సరే పిన్నీ అని విన్నారు.

సాయంత్రం మేనేజరు పిలిచాడు. హాలుకి పెద్ద కాశీబుగ్గ పిల్లే అని చెప్పాడు. నన్ను రేపట్నుంచి ఇంటి దగ్గర ఉండమన్నాడు.

"నా సోటులో ఎవర్ని పెడతావు బాబూ?"

"చూస్తాం. ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరేటి? నా కోడల్ని పెట్టు. దాని కళ్ళు బాగున్నాయి, సేతులే బాగునేవు. ఆ బల్ల దగ్గర ఇన్నేళ్ళు కూకున్నాను, ఆ మాత్రం అడగకూడదా?"

"ఆ వచ్చిన పెద్దాయన కూడా ఆ పిల్ల సంగతి అడిగాడులే," అన్నాడు. ఏమని అడిగాడో చెప్పలేదు. "సరే, రమ్మను. కొత్తది కదా, నెమ్మదిగా నేర్చుకోమను."

ఆ చోటు నేను అడిగితే వచ్చిందో, ఆ పెద్దాయన అడిగితే వచ్చిందో, అవర్స్ అన్నందుకు వచ్చిందో, నేను నవ్వులపాలైనందుకు జాలిపడి ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. నెలంతా నేర్చిన ఇంగ్లీషు పనికొచ్చిందో, చెడగొట్టిందో అదీ తెలియదు. సరిగ్గా మాట్లాడిన పిల్లకి పెద్దరికం వచ్చింది. మా కోడలు మాట్లాడింది కూడా సరైన ఇంగ్లీషే అని మా పక్కింటి డిగ్రీ పిల్ల తర్వాత చెప్పింది. మరి తేడా ఎక్కడుందో పుస్తకంలో వెతికాను, దొరకలేదు.

కోడలు ఇంటికి వచ్చాక, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఎందుకు లేసావత్తా?"

"మరేటి సెయ్యమంటావు?"

"నాను సెప్పకుండా ఊరుకున్నాను కదా. నువ్వూ ఊరుకుంటే పోయీది. పోస్టు రాకపోతే రాకపోనీ. నీ సోటు నాకిమ్మని నానడిగానేటి?"

"నువ్వు నన్ను సూపించేసుంటే పోస్టే వొచ్చును కదే."

"సూపిస్తే నువ్వు నాతో మాట్లాడుదువా?"

నేను అబద్ధం చెప్పలేను. "నాలుగు రోజులు మాట్లాడకపోదును. తర్వాత మాట్లాడుదును."

తాను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లోపలికి వెళ్ళిపోయింది. నేను తప్పేమన్నానో నాకు అర్థం కాలేదు. మంచికే లేచాను అనుకున్నాను, కానీ తాను నా కోసం మోసిన దాన్ని అందరిముందూ కింద పడేసినట్టు కూడా ఉంది. రెండూ నిజమే అయితే నేనేం చెయ్యాల్సింది?

మర్నాటినుంచి తాను హాలుకి వెళ్ళింది. వారం పైన ముక్తసరిగానే మాట్లాడింది. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా, అంతే. నేను ఇంట్లో మనవరాలిని చూసుకుంటూ, మిగతా పొద్దు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. ఎవరి కోసం చదువుతున్నానో తెలియకపోయినా పేజీలు తిప్పాను. కోడలి అరచేతుల్లో పగుళ్ళు అంచుల దగ్గర కొంచెం తెల్లబడుతున్నాయి. కొత్త చర్మం వస్తోందని నాకు తెలుసు, నా చేతులకి కూడా అలాగే వచ్చింది.

ఒకరోజు పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ తనంతట తానే అడిగింది.

"అత్తా, నీ సోటు కిటికీకి ఎదురుగా ఉంది కదా. మధ్యాన్నం ఎండ తిన్నగా కళ్ళల్లో పడతాది. పప్పు మీద మెరుపొచ్చి ఏదీ కనపడదు. అన్నేళ్ళు ఎలా కూకున్నావు?"

"కూకున్నాను. ఎవరూ లేవమననేదు."

"ఆ ఎండకే నీ కళ్ళు పోనాయేటి?"

అలా అయి ఉండొచ్చని నాకు అంతవరకు తోచలేదు. వయసు వల్ల అనుకున్నాను. ఆ చోటు కోసం పదిహేనేళ్ళు ఎదురుచూశాను, అది దొరికినప్పుడు ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు అదే చోటు కోడలికి ఇప్పించి మేలు చేశాననుకుంటున్నాను.

"ఏమోనే," అన్నాను. "రేపు బల్లకి అటుపక్కన కూకుంటానని అడుగు. ఈపు కిటికీ వైపు పెట్టుకో."

"అటుపక్కది వేరే ఆమె సోటు."

"అయితే మధ్యాన్నం దాకా ఇటు, తర్వాత అటు. ఆమెనే అడుగు. నాను సెప్పానని సెప్పు."

"నువ్వు సెప్పావని ఎందుకు? నానే అడుగుతాను," అంది కోడలు, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తూ.